పసిపిల్లలను చూసుకునే కేంద్రాల్లో రక్షణ: అంగన్‌వాడీ, క్రెష్, ప్లే స్కూల్ నడిపేవారికి మార్గదర్శి

మూడేళ్ల పాపకు తనకు జరిగిన అన్యాయాన్ని ఏమంటారో తెలియదు. ఏడాదిన్నర బాబుకు ఇంకా మాటలే రావు. అంగన్‌వాడీ కేంద్రంలోనో, క్రెష్‌లోనో, ప్లే స్కూల్లోనో రోజూ గంటల తరబడి గడిపే ఆరేళ్లలోపు పిల్లలు ఫిర్యాదు చేయలేరు, తప్పించుకోలేరు, తమను ఎత్తుకున్న చేతులను వద్దనలేరు. అందుచేత వారి రక్షణ ఆ పూట పనిలో ఎవరున్నా తప్పకుండా అమలయ్యే ఏర్పాట్ల మీద ఆధారపడి ఉండాలి. "మా ఆయమ్మ పదేళ్లుగా ఇక్కడే ఉంది, బంగారం లాంటి మనిషి" అనే మాట నూటికి నూరుపాళ్లు నిజమే కావచ్చు. అయినా ఆమె సెలవు పెట్టిన రోజున ఆ మంచితనం పిల్లలకు అక్కరకు రాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇలాంటి కేంద్రాలు నడిపేవారు, వాటిలో పనిచేసేవారు ఏయే ఏర్పాట్లు చేసుకోవాలో, అనుమానం వచ్చినప్పుడు ఏ వరుసలో నడుచుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మనుషులను పనిలో పెట్టుకునే ముందు

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది. దాని కింద 2020లో చేసిన నియమాలు ఒక విషయాన్ని స్పష్టంగా చెబుతున్నాయి: పాఠశాలలు, క్రెష్‌లతో సహా పిల్లలతో నిత్యం సంబంధం ఉండే ప్రతి సంస్థ తన సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్, పూర్వాపరాల విచారణ చేయించాలి. బోధించేవారైనా, ఇతర పనులు చేసేవారైనా, పర్మినెంట్ అయినా, కాంట్రాక్టు అయినా ఎవరికీ మినహాయింపు లేదు. ఒకసారి చేయించి ఊరుకుంటే సరిపోదు, కొంత కాలానికొకసారి మళ్లీ చేయించాలి. పిల్లల భద్రత గురించి సిబ్బందికి తరచుగా శిక్షణ ఇప్పించే బాధ్యత కూడా సంస్థదే.

ఆచరణలో ఈ విచారణ టీచర్ల దగ్గరే ఆగిపోతోంది. వ్యాన్ డ్రైవరు, క్లీనరు, వాచ్‌మన్, వంటమనిషి, వారానికోసారి వచ్చే డాన్స్ మాస్టారు లెక్కలోకి రావడం లేదు. 2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక పాఠశాలలో ఎల్‌కేజీ చదివే పాపపై అఘాయిత్యానికి పాల్పడిన వ్యక్తి ప్రిన్సిపాల్ కారు డ్రైవరు. 2023 ఏప్రిల్‌లో కోర్టు అతనికి 20 ఏళ్ల జైలు శిక్ష విధించింది. తరగతి గదితో ఏ సంబంధమూ లేని మనిషికి కూడా పిల్లల దగ్గరకు దారి దొరుకుతుంది. ఈ విచారణ చేయించవలసినవారి జాబితా రాసేటప్పుడు ఉద్యోగం పేరును పక్కనపెట్టి, పిల్లలున్న వేళల్లో గేటు లోపలికి ఎవరెవరు వస్తున్నారో చూసి రాయాలి. ఇంటి కింది భాగంలో ప్లే స్కూలు నడుపుతూ పై అంతస్తులో కాపురం ఉండేవారు తమ ఇంట్లోని మగవారిని, అద్దెకున్నవారిని, వచ్చిపోయే బంధువులను కూడా అందులో చేర్చాలి. సొంతవాళ్ల పేర్లు రాయడం ఎబ్బెట్టుగా తోస్తుందని నాకు తెలుసు. అయినా మినహాయింపు మొదట అక్కడే మొదలవుతుంది కాబట్టి ముందు ఆ పేర్లే రాయాలి.

పోలీసు వెరిఫికేషన్‌లో బయటపడేది అంతకుముందు నమోదైన కేసు మాత్రమే. అంతకుముందు పనిచేసిన చోటికి మీరే ఫోన్ చేసి, "ఈ మనిషిని మళ్లీ పిల్లల దగ్గర పనిలో పెట్టుకుంటారా?" అని సూటిగా అడగండి. అవతలివారు తడబడినా, మాట దాటేసినా దాన్నొక సమాచారంగానే తీసుకోవాలి. చేరిన రోజునే రాతపూర్వకంగా ఒప్పుకోవలసిన నియమాలు కొన్ని ఉంటాయి: పిల్లలను కొట్టకూడదు, గిల్లకూడదు, చీకటి గదిలో పెడతానని బెదిరించకూడదు, అన్నం పెట్టనని భయపెట్టకూడదు, సొంత ఫోనులో పిల్లల ఫొటోలు తీయకూడదు, ఏ పిల్లతోనూ తలుపు మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. సంస్థలో పనిచేసేవారు తమ సంరక్షణలో ఉన్న పిల్లలపై క్రూరంగా ప్రవర్తిస్తే 2015 నాటి బాల న్యాయ చట్టంలోని 75వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా పడవచ్చని కూడా అప్పుడే చెప్పాలి.

గదులు, తలుపులు, బాత్రూమ్

ఎంత చిన్న కేంద్రమైనా పాటించవలసిన సూత్రం ఒక్కటే: పిల్లలతో ఉన్న పెద్దమనిషి ఎప్పుడూ మరో పెద్దమనిషికి కనబడుతూ ఉండాలి. తరగతి గది తలుపుకు నిలువెత్తు అద్దం లేకపోతే తలుపు తెరిచే ఉంచాలి. నిద్ర గదికి గడియ లోపలి వైపు ఉండకూడదు. స్టోర్ రూమ్, మేడ మెట్ల కింద ఖాళీ, జనరేటర్ గది వంటి మూలలకు తాళం వేసి, తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంచాలి.

మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు నడిపే ప్రైవేటు ప్లే స్కూళ్ల కోసం జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ రూపొందించిన మార్గదర్శకాలు 20 మంది పిల్లలకు ఒక టీచరు, ఒక ఆయా ఉండాలంటున్నాయి. అంగన్‌వాడీలో ఉండేదే ఒక టీచరు, ఒక ఆయా. ఆయమ్మ పొయ్యి దగ్గర ఉంటే, టీచరు సర్వే పని మీదో, ప్రాజెక్టు సమావేశానికో, ఓటర్ల జాబితా పనికో వెళితే పిల్లల దగ్గర ఎవరూ మిగలరు. ఇది టీచర్ల నిర్లక్ష్యం కాదు, వారి నెత్తిన పెట్టిన పనుల భారం. ఆ భారం తగ్గే వరకు కేంద్రం చేయగలిగింది ఒకటుంది: టీచరు లేని పూట వచ్చి కూర్చోవడానికి తల్లుల కమిటీ నుంచి ఇద్దరు ముగ్గురిని ముందే నిర్ణయించుకుని, వారి పేర్లు గోడ మీద రాసి, సూపర్‌వైజర్‌కు తెలియజేయాలి. అప్పటికప్పుడు ఎదురింటి కుర్రాడిని కాసేపు చూడమని పిలవడం మాత్రం ఏ పరిస్థితిలోనూ తగదు.

పిల్లలను బాత్రూమ్‌కు తీసుకెళ్లడం, కడగడం, డైపర్ మార్చడం ఎవరి పనో పేరుతో సహా నిర్ణయించి ఉండాలి. డ్రైవరుకో, వాచ్‌మన్‌కో ఆ పని ఎన్నడూ అప్పగించకూడదు. తలుపు ఓరగా తెరిచి ఉంచి, "ఇప్పుడు కడుగుతాను, సరేనా కన్నా?" అని పిల్లకు చెప్పి మరీ చేయాలి, నాలుగేళ్లు దాటిన పిల్లలకు తమంతట తామే కడుక్కోవడం నేర్పాలి. తన ఒంటిని తాకే ముందు పెద్దవాళ్లు అడుగుతారని అలవాటైన పిల్ల, అడగకుండా తాకినవారిని గుర్తుపడుతుంది. మంచి స్పర్శ, చెడు స్పర్శ పాఠాలు చెప్పడం మంచిదే, శరీర భాగాలన్నింటికీ పేర్లు నేర్పడమూ అవసరమే. కాని ఆ పాఠం చెప్పాం కదా అని రక్షణ బాధ్యతను మూడేళ్ల పిల్ల మీదకు నెట్టివేయడం అన్యాయం.

సీసీ కెమెరాల విషయంలో తల్లిదండ్రులకు చాలా భరోసా ఉంటుంది. వరండాలో, గేటు దగ్గర, ఆటగదిలో అవి ఉండవలసిందే. బాత్రూమ్‌లో, బట్టలు మార్చే చోట ఎంతమాత్రం ఉండకూడదు. ఆ రికార్డింగ్‌ను ఎవరు చూడవచ్చో, ఎన్ని రోజులు భద్రపరుస్తారో రాసి పెట్టుకోవాలి. కెమెరా జరిగినదాన్ని చూపిస్తుంది, జరుగుతున్నదాన్ని ఆపగలిగేది పక్కనున్న మనిషే.

ఉదయం అప్పగింత, సాయంత్రం అప్పగింత

ఉదయం తల్లి చేతుల్లోంచి బిడ్డను అందుకునేటప్పుడు అరనిమిషం ఆగి చూడాలి. ముఖం, చేతులు, కాళ్లు, నడక, కళ్లలో హుషారు గమనించి, దెబ్బ ఏదైనా కనబడితే "ఇదెలా తగిలిందమ్మా?" అని తల్లిని అక్కడే మామూలుగా అడిగి, ఆమె చెప్పింది రిజిస్టరులో రాయాలి. దీనివల్ల ఇంట్లో తగిలిన దెబ్బ కేంద్రం మీదకు రాదు, కేంద్రంలో తగిలిన దెబ్బను ఇంటి మీదకు నెట్టడమూ కుదరదు. మెడలో తాయెత్తు దారం, గట్టిగా బిగిసిన గొలుసు ఉంటే నిద్రపుచ్చే ముందు తీసి దాచి, సాయంత్రం తిరిగి ఇస్తామని తల్లికి చెప్పాలి. నిద్రలో దారం మెడకు చుట్టుకునే ప్రమాదం ఉందని వివరిస్తే చాలామంది ఒప్పుకుంటారు.

సాయంత్రం గేటు దగ్గర ఒకాయన నిలబడి, "నేను బాబు మేనమామను, మా అక్కకు ఒంట్లో బాగాలేదు, నన్ను పంపింది" అంటాడు. చేతిలో చాక్లెట్ ఉంటుంది, బాబు నవ్వుతూ పరిగెత్తి వెళతాడు. బాబు గుర్తుపట్టాడన్నది చాలదు. హాని చేసేవారిలో ఎక్కువమంది పిల్లలకు తెలిసినవారే. చేరికప్పుడే బిడ్డను తీసుకెళ్లడానికి అనుమతి ఉన్నవారి పేర్లు, ఫొటోలు, ఫోన్ నంబర్లు తీసుకుని ఉండాలి. జాబితాలో లేని మనిషి వస్తే రిజిస్టరులో ఉన్న తల్లి నంబరుకు మీరే ఫోన్ చేయాలి. వచ్చినాయన కలిపి ఇచ్చిన ఫోనులో మాట్లాడి ఒప్పుకోకూడదు. తల్లి ఫోన్ ఎత్తకపోతే బిడ్డ కేంద్రంలోనే ఉండాలి. ఆయనకు కోపం వస్తుంది, రానివ్వండి. తాగి వచ్చిన తండ్రి విషయంలోనూ మర్యాదగా కూర్చోబెట్టి, ఇంట్లో మరొకరిని పిలిపించాలి.

వ్యాన్ ఉన్న కేంద్రాలు మరికొంత జాగ్రత్త పడాలి. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పేరు పిలిచి లెక్కపెట్టాలి. చివరి పిల్ల దిగాక ఆయమ్మ వెనుక సీటు దాకా వెళ్లి, సీట్ల కింద కూడా చూడాలి. నిద్రపోయిన పిల్లను ఎండలో మూసిన వ్యాన్‌లో మరిచిపోతే ప్రాణం పోవడానికి ఎంతోసేపు పట్టదు. ఆయమ్మ కిందికి దిగి వెనుక నిలబడి చెయ్యి ఊపే వరకు డ్రైవరు బండిని రివర్స్ చేయకూడదు. అన్నింటికంటే ముఖ్యం, రూటులో మొదట ఎక్కే పిల్ల, చివర దిగే పిల్ల ఎప్పుడూ డ్రైవరుతో ఒంటరిగా ఉండిపోకూడదు. ఆయమ్మ ఇల్లు ఆ దారిలోనే ఉంది కదా అని ఆమెను ముందే దింపేసే ఏర్పాటు ఉంటే ఈ రోజే మార్చండి.

వంటగది, నీళ్లు, నిద్ర

పప్పు, సాంబారు దించిన గిన్నె నేల మీద ఉన్నంతసేపూ వంటగది గుమ్మానికి అడ్డు ఉండాలి. వేడి సాంబారులో పడిన పసిపిల్లల వార్తలు మన జిల్లాల నుంచి వస్తూనే ఉన్నాయి. ఒళ్లు కాలితే ధారగా పారే చల్లటి నీటి కింద ఇరవై నిమిషాలు ఉంచాలి. ఐసు, టూత్‌పేస్టు, సిరా పూయకూడదు, 108కి ఫోన్ చేయాలి. సంపు మూతకు తాళం ఉండాలి, బకెట్లు వాడిన వెంటనే బోర్లించాలి, ఎందుకంటే తప్పటడుగుల పిల్ల తలకిందులుగా పడితే సగం బకెట్ నీళ్లు కూడా ప్రాణాంతకమే. చిన్నపిల్లలకు పల్లీలు, శనగలు గింజలుగా పెట్టకూడదు, ద్రాక్ష నిలువుగా కోసి పెట్టాలి. ఏడాదిలోపు బిడ్డను వెల్లకిలా, గట్టి పరుపు మీద పడుకోబెట్టాలి. చీర ఉయ్యాలలో వేస్తే మనిషి పక్కనే ఉండాలి.

ఒంటి మీద గుర్తులు, ప్రవర్తనలో మార్పులు

ఆడుకునే పిల్లలకు మోకాళ్ల మీద, ముంగాళ్ల మీద, నుదుటి మీద దెబ్బలు తగలడం సహజం. చెవుల మీద, మెడ మీద, బుగ్గల మీద, పిరుదుల మీద, తొడల లోపలి వైపున, పొట్ట మీద కమిలిన గుర్తులు కనబడితే ఆలోచించాలి. ఇంకా పాకడం కూడా రాని బిడ్డ ఒంటి మీద ఎక్కడ కమిలినా డాక్టరుకు చూపించాలి. వేళ్ల అచ్చులు, బెల్టు ఆకారం, పంటి గాట్లు, సిగరెట్ కాల్చినట్టు గుండ్రటి మచ్చలు పడి లేచినందువల్ల రావు. మరోవైపు, మన పిల్లల్లో చాలామందికి పుట్టుకతోనే నడుము కింద నీలిరంగు మచ్చలు ఉంటాయి. అవి దెబ్బలు కావు, చేరిన రోజునే రిజిస్టరులో రాసుకుంటే తర్వాత అపోహ రాదు. జబ్బు తగ్గాలని వాతలు పెట్టే ఆచారం కొన్ని ఊళ్లలో ఇప్పటికీ ఉంది. ఆ తల్లి ప్రేమను శంకించనక్కర్లేదు కాని వాత కూడా కాలిన గాయమే. బిడ్డను వెంటనే ఆరోగ్య కేంద్రానికి పంపి, మళ్లీ జరగకుండా ఏఎన్ఎమ్‌తో కలిసి ఇంటివారితో మాట్లాడాలి.

ప్రవర్తన ఇంత స్పష్టంగా కనబడదు. నిన్నటిదాకా పరిగెత్తుకొచ్చిన పిల్ల ఒక మనిషిని చూడగానే బిగుసుకుపోవడం, బట్టలు మార్చబోతే వణికిపోవడం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, ఒంటికి, రెంటికి వెళ్లేటప్పుడు నొప్పని ఏడవడం, వయసుకు మించిన లైంగిక ఆటలు ఆడటం వంటివి గమనించాలి. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. చెల్లెలు పుట్టినా, ఇల్లు మారినా పిల్లలు ఇలా మారవచ్చు. అందుకే తీర్పు చెప్పకుండా తేదీలతో రాస్తూ పోవాలి. రెండు మూడు వారాల రాతలు పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ఒక్క రోజులో కనబడనిది కనబడుతుంది. నొప్పి, రక్తస్రావం, గాయం ఉంటే మాత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు.

పిల్ల నోరు విప్పినప్పుడు

పసిపిల్లలు కూర్చోబెట్టి అడిగితే చెప్పరు. అన్నం కలుపుతున్నప్పుడో, జడ వేస్తున్నప్పుడో ఉన్నట్టుండి అంటారు: "వ్యాన్ అంకుల్ నాకు ఇక్కడ కితకితలు పెడతాడు, నాకు వద్దు." ఆ క్షణంలో మీ ముఖం మారకూడదు. చేస్తున్న పని ఆపకుండా, "అవునా అమ్మా, తర్వాత?" అనండి. "ఇంకేమైంది?" అని మాత్రమే అడగండి. "అంకుల్ నీ చెడ్డీ తీశాడా?" అని అడగకూడదు, ఎందుకంటే మూడేళ్ల పిల్ల పెద్దవాళ్లను సంతోషపెట్టడానికి అవునంటుంది, మీరు అందించిన ఆ మాటే రేపు కోర్టులో పాప చెప్పిన నిజాన్ని బలహీనపరుస్తుంది. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. "నాకు చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేమీ లేదు, నీకు సాయం చేసేవాళ్లకు నేను చెబుతాను" అంటే చాలు. మళ్లీ చెప్పించుకోకండి, హెడ్ టీచరు ముందొకసారి, యజమాని ముందొకసారి, తల్లి ముందొకసారి చెప్పించడం ఆ పిల్లకు మళ్లీ మళ్లీ గాయం చేయడమే.

పిల్ల పక్కకు వెళ్లగానే రాయండి. తేదీ, సమయం, ఎక్కడ ఉన్నారు, పక్కన ఎవరున్నారు, మీరు అడిగిన మాట, పిల్ల అన్న మాట యథాతథంగా రాయాలి. పాప ఒక శరీర భాగాన్ని "కుయ్య" అంటే "కుయ్య" అనే రాయాలి, దాన్ని వైద్య పదంగానో, మర్యాద మాటగానో మార్చకూడదు. గుర్తు ఉంటే "ఎడమ మోచేతికి పైన, రూపాయి బిళ్లంత, నీలంగా" అన్నట్టు రాయాలి. "కొట్టినట్టుంది" అనేది మీ ఊహ కాబట్టి వద్దు. సంతకం చేసి, తాళం ఉన్న బీరువాలో పెట్టాలి. వాట్సాప్ గ్రూపులో ఒక్క ముక్క కూడా పెట్టకూడదు.

ఎవరికి, ఎప్పుడు చెప్పాలి

పిల్లపై లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందన్న అనుమానం ఉన్నా పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం స్థానిక పోలీసులకు లేదా ప్రత్యేక బాలల పోలీసు విభాగానికి తెలియజేయడం ప్రతి ఒక్కరి విధి. నిజానిజాలు తేల్చడం పోలీసుల పని. కేంద్రం సొంతంగా విచారణ కమిటీ వేసి, అది తేలాక చూద్దామనుకోవడానికి చట్టంలో చోటు లేదు. తెలియజేయనివారికి ఆరు నెలల వరకు, తన కింద పనిచేసేవారి నేరాన్ని దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవారిపై ఏ కేసూ నిలవదు. కాబట్టి ఆయమ్మకు తెలిసి, యజమాని వద్దన్నా ఆయమ్మ నేరుగా చెప్పవచ్చు, చెప్పాలి.

112కి గాని, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గాని ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగినా దగ్గర్లోని స్టేషన్‌లో జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయించవచ్చు. పోలీసులు 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితికి, ప్రత్యేక కోర్టుకు తెలియజేయాలి. పాప మాటలను ఇంటి దగ్గర గాని, ఆమెకు ఇష్టమైన చోట గాని, యూనిఫాం లేకుండా, వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి నమోదు చేయాలి. ఆడపిల్లకు పరీక్ష మహిళా డాక్టరే చేయాలి, పాప నమ్మే మనిషి పక్కన ఉండాలి. ఈ సంగతులు తల్లిదండ్రులకు ముందే చెబితే స్టేషన్ అనగానే కలిగే భయం సగం తగ్గుతుంది. డాక్టరు చూసే వరకు స్నానం చేయించకూడదు, వేసుకున్న బట్టలు ఉతక్కుండా కాగితం సంచిలో పెట్టాలి. కొన్ని మందులు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి కాబట్టి రేపటికి వాయిదా వద్దు.

ఇంట్లో కొట్టడం, తిండి పెట్టకపోవడం, తాగిన మైకంలో బిడ్డను వదిలేయడం వంటివి కనబడినప్పుడు 1098తో పాటు జిల్లా బాలల సంరక్షణ విభాగానికి, బాలల సంక్షేమ సమితికి చెప్పాలి. కొన్నిచోట్ల ఊరి పెద్దలు కూర్చుని, డబ్బు ఇప్పించి, రాజీ కుదురుస్తామంటారు. లైంగిక నేరంలో రాజీకి తావు లేదని అక్కడికక్కడే చెప్పి, పంచాయితీకి కేంద్రం గదిని కూడా ఇవ్వకండి.

ఆరోపణ మన మనిషి మీదే అయితే

ఆ రోజే అతన్ని పిల్లలకు దూరంగా ఉంచాలి. ఇది శిక్ష కాదని, విచారణ తేలే వరకు తీసుకునే జాగ్రత్త అని అతనికి చెప్పవచ్చు. ఎవరు ఏం చెప్పారో మాత్రం చెప్పకూడదు. రాజీనామా చేయించి గుట్టుగా పంపేస్తే అతను పక్క ఊరి ప్లే స్కూల్లో చేరతాడు. సీసీ కెమెరా రికార్డింగ్ చెరిగిపోకుండా వెంటనే కాపీ తీసి ఉంచాలి. మిగతా తల్లిదండ్రులకు ఏదో జరిగిందని ఎలాగూ తెలుస్తుంది కాబట్టి, కేసు నమోదైందని, ఆ వ్యక్తి పనిలో లేడని, తమ పిల్లలను గుచ్చి గుచ్చి అడగవద్దని మీరే చెప్పాలి. పాప పేరు, తరగతి, ఇల్లు తెలిసేలా ఏదీ చెప్పకూడదు. గుర్తింపు బయటపెట్టడం కూడా నేరమే.

కొన్నాళ్లకు పాప తిరిగి కేంద్రానికి వస్తే పాత చోటే, పాత ప్లేటే, పాత ఆటలే ఉండాలి. బాలల సంక్షేమ సమితి కేటాయించే సహాయకురాలితో మాట్లాడి, పాప ఎవరి చేతుల్లో నిద్రపోవడానికి ఇష్టపడుతుందో, దేనికి ఉలిక్కిపడుతుందో తెలుసుకుని, ఆ వివరం పాపను చూసుకునే ఇద్దరికి మాత్రమే చెప్పాలి. తల్లి కొద్ది రోజులు లోపలే కూర్చుంటానంటే గేటు దగ్గర ఆపకుండా కుర్చీ వేయండి.